పంచాయతీకి ఏ సోలార్ సరిపోతుంది: డాబా మీదా, సొంత మెగావాట్ ప్లాంటా, లీజా?

పంచాయతీ ఆఫీసుకు సోలార్ పేరుతో వచ్చే కబుర్లు నాలుగు రకాలు. ఆఫీసు డాబా మీద పలకలు బిగిస్తామని ఒకరు వస్తారు. ఊరి బయట అయిదెకరాలు పాతికేళ్ల లీజుకు ఇమ్మని ఒకరు కాగితం పట్టుకొస్తారు. రైతుల సోలార్ కోసం కేంద్రం పెట్టిన కుసుమ్ పథకంలో పంచాయతీయే మెగావాట్ ప్లాంటు పెట్టుకోవచ్చని మరొకరు లెక్కలు వేసి చూపిస్తారు. ఇళ్ల డాబా సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్‌కు ఇంటింటికీ దరఖాస్తులు పెట్టించమని మండలం నుంచి ఫోన్ వస్తుంది. నాలుగింటికీ ప్రభుత్వ సాయం ఉంది. కాకపోతే ఆ సాయం ఒక్కోదానిలో ఒక్కో చోట ఆగిపోతుంది. అక్కణ్ణుంచి బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోకుండా తీర్మానం రాసేస్తే, ఆ సంతకం పెట్టిన పాలకవర్గం దిగిపోయాక కూడా ఊరు ఇరవై ఏళ్లు మోయాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచాయతీలను, చిన్న మున్సిపాలిటీలను దృష్టిలో పెట్టుకుని చేసిన పోలిక ఇది. రెండు రాష్ట్రాల్లోనూ వెళ్లాల్సిన తలుపులు రెండే: ఒకటి నోడల్ ఏజెన్సీ, అంటే ఏపీలో నెడ్‌క్యాప్, తెలంగాణలో టీజీ రెడ్‌కో. రెండోది మీ డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ. మొదటిది పథకం చెబుతుంది, రెండోది లైను ఇస్తుంది. ఆలస్యం ఎక్కువగా రెండో తలుపు దగ్గరే.

## ముందు తేల్చుకోవలసినవి

సబ్‌స్టేషన్ ఎంత దూరం, అందులో చోటు ఎంత. ఎండ మనకు ఎక్కడైనా ఒకటే. తేడా అంతా 33/11 కేవీ సబ్‌స్టేషన్ దగ్గర వస్తుంది. కుసుమ్ ప్లాంటు వీలైనంతవరకు సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉండాలన్నది ఊరికే పెట్టిన నిబంధన కాదు. ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్ దాకా 11 కేవీ లైను, అక్కడ ఆ లైనును కలిపే బే, బ్రేకర్ ఖర్చు ప్లాంటు యజమానిదే. మీటరు కూడా సబ్‌స్టేషన్ దగ్గరే పెడతారు కాబట్టి దారిలో పోయే కరెంటు కూడా యజమాని ఖాతాలోనే పోతుంది. ఒకటిన్నర కిలోమీటరు లోపున్న భూమికీ నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న భూమికీ లాభనష్టాల్లో చాలా తేడా ఉంటుంది. భూమి చూడబోయే ముందే డిస్కం ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ఎంత? ఇప్పటికే ఎన్ని కిలోవాట్ల సోలార్‌కు మంజూరు ఇచ్చేశారు? సబ్‌స్టేషన్ల వారీ జాబితాలో ఖాళీ కనిపించినా, మీకంటే ముందు దరఖాస్తు పెట్టినవాళ్లు దాన్ని పట్టుకుని ఉండవచ్చు.

భూమి ఎవరిది. ఊళ్లో అందరూ 'పంచాయతీ భూమి' అనేదంతా పంచాయతీది కాదు. పోరంబోకు చాలావరకు రెవెన్యూ శాఖది, దాన్ని ఇచ్చే అధికారం తహసీల్దారు, కలెక్టర్ల మీదుగా నడుస్తుంది. చెరువు శిఖం, కుంట, శ్మశానం, మేత భూములను ముట్టుకోకపోవడమే మేలు. ఊరి ఉమ్మడి భూములను అన్యాక్రాంతం చేయకూడదని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో గట్టిగా చెప్పింది. ఎవరో ఒకరు ఆ తీర్పు పట్టుకుని కోర్టుకు వెళితే, సగం కట్టిన ప్లాంటు ఆగిపోతుంది. అసైన్డ్ భూములకు 1977 నాటి బదిలీ నిషేధ చట్టం ఉంది. ఏజెన్సీ (గిరిజన) ప్రాంతాల్లో అయితే గిరిజనేతరులకు భూమి బదిలీని ఆపే 1/70 నిబంధన వేరే సంగతి, దాని గురించి కింద చెబుతాం.

కరెంటు ఎక్కడ వాడుతున్నారు. పంచాయతీ బిల్లులో పెద్ద ముక్క ఆఫీసు ఫ్యాన్లది కాదు. తాగునీటి మోటార్లదీ వీధిదీపాలదీ. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లే ఆఫీసు డాబా మీద పలకలు పెట్టి, బిల్లు ఎందుకు తగ్గలేదా అని తల గోక్కునే పరిస్థితి వస్తుంది.

పాత బకాయిలు. డిస్కంకు పంచాయతీ బాకీ ఉంటే నెట్ మీటర్ (వాడిన కరెంటులోంచి సోలార్ కరెంటును తీసేసి లెక్కగట్టే మీటరు) దరఖాస్తు దగ్గరే ప్రశ్న వస్తుంది. ప్రైవేటు కంపెనీ అయితే ముందు ఆ బాకీనే చూస్తుంది.

పాలకవర్గం అయిదేళ్లు, ఒప్పందం పాతికేళ్లు. ఏ దారి ఎంచుకున్నా పంచాయతీ కార్యదర్శి ఫైలులో నిలిచే కాగితం కావాలి. నోటిమాటలు తర్వాతి సర్పంచ్‌కు చేరవు.

## ఒక చూపులో

| | ఇళ్ల మీద సూర్యఘర్ | పంచాయతీ మీటర్లకు సోలార్ | సొంత 1 మెగావాట్ (కుసుమ్-ఏ) | భూమి లీజు |
|---|---|---|---|---|
| పంచాయతీ పెట్టుబడి | లేదు | 10 కిలోవాట్లకు సుమారు 5-6 లక్షలు | 4 కోట్ల చుట్టూ, అందులో పావు వంతు సొంతం | లేదు |
| కావలసిన చోటు | ఇళ్ల డాబాలు | కిలోవాట్‌కు 100 చదరపు అడుగులు | 4-5 ఎకరాలు | 4-5 ఎకరాలు, ఆపైన |
| ప్రభుత్వ సాయం | ఇంటికి 78,000 వరకు, పంచాయతీకి ఇంటికి 1,000 | పెట్టుబడి సబ్సిడీ లేదు, నెట్ మీటర్ ఉంది | 25 ఏళ్ల కొనుగోలు ఒప్పందం, వడ్డీ రాయితీ | డిస్కం ద్వారా నేరుగా అద్దె |
| పంచాయతీకి వచ్చేది | ఒకసారి వచ్చే ప్రోత్సాహకం | నెలనెలా బిల్లు తగ్గింపు | అప్పు తీరాక పెద్ద రాబడి | ఏటా స్థిర రాబడి |
| ఎక్కడ చెడుతుంది | సర్వీసు పేర్లు, ట్రాన్స్‌ఫార్మర్ | తప్పు మీటరు ఎంచుకోవడం | బ్యాంకు కిస్తీలు, లైను ఆలస్యం | అద్దె పెరగని ఒప్పందం |

## ఇళ్ల మీద సూర్యఘర్: నష్టం లేని దారి

2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయల వరకు కేంద్ర సబ్సిడీ ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది. ఏపీలో బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు రాష్ట్రం మరో 20,000 కలుపుతోంది, ఎస్సీ ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడుతోంది. చాలామంది సర్పంచ్‌లు గమనించనిది ఏమిటంటే, తమ పరిధిలో పలకలు ఎక్కిన ప్రతి ఇంటికీ స్థానిక సంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకం కూడా ఇదే పథకంలో ఉంది. మూడు వందల ఇళ్లు ఎక్కితే మూడు లక్షలు, పంచాయతీ పైసా పెట్టకుండానే.

5,000 జనాభా దాటిన రెవెన్యూ గ్రామాలకు ఇంకొక మెట్టు ఉంది, మోడల్ సోలార్ విలేజ్. పోటీకి ఎంపికైన ఊళ్లలో ఆరు నెలల గడువులో ఎక్కువ సోలార్ పెట్టుకున్న ఊరికి జిల్లాకు ఒకటి చొప్పున కోటి రూపాయలు. గెలిస్తే మంచిదే. గెలుపును నమ్ముకుని బడ్జెట్ రాసుకోవద్దు.

చెడే చోట్లు రెండు. మొదటిది, కరెంటు సర్వీసు ఇప్పటికీ చనిపోయిన తాతగారి పేరున ఉండటం. దరఖాస్తుదారు పేరు, సర్వీసు పేరు, బ్యాంకు ఖాతా కలవకపోతే సబ్సిడీ ఆగుతుంది. కాబట్టి సోలార్ కంపెనీని పిలవడానికి ముందే లైన్‌మన్‌నూ సెక్షన్ ఆఫీసు వాళ్లనూ పిలిచి పేరుమార్పిడి క్యాంపు ఒక రోజు పెట్టించండి. పంచాయతీ చేయగలిగిన పెద్ద సాయం అదే. రెండోది ట్రాన్స్‌ఫార్మర్. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది ఇళ్లు మూడేసి కిలోవాట్లు పెట్టుకుంటే 30 కిలోవాట్లు. మిట్టమధ్యాహ్నం ఇంట్లో వాడకం తక్కువ, పలకల నుంచి వచ్చేది ఎక్కువ. లైనులో వోల్టేజి పెరిగి ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. అందరికీ ఒకేసారి కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న చివరి ఇళ్లకు ముందు. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అవసరం లేదని 2024లో నిబంధన మార్చారు కాబట్టి ఈ లెక్క ఎవరూ వేయరు. వీధుల వారీగా ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా రాసుకుని, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత ఎక్కుతోందో పంచాయతీయే చూసుకుని, పెంచాల్సిన చోట డిస్కంకు ముందే లేఖ పెట్టాలి.

రెండు రాష్ట్రాల్లోనూ బాగా పేరొచ్చిన సోలార్ ఊళ్లు నారావారిపల్లె, కొండారెడ్డిపల్లి. రెండూ ముఖ్యమంత్రుల సొంతూళ్లే. కొండారెడ్డిపల్లిలో సబ్సిడీకి తోడు ఓ కంపెనీ సీఎస్సార్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బు కూడా కలిసింది. వాటిని చూసి ఉత్సాహం తెచ్చుకోవచ్చు గానీ, ఆ లెక్కలను మన ఊరికి దించుకోలేం.

## పంచాయతీ మీటర్లకు సోలార్: ఆఫీసు వదిలి మోటారు దగ్గరికి

సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే. పంచాయతీ ఆఫీసు, బడి, పీహెచ్‌సీ, నీటి మోటారు వేటికీ కేంద్రం నుంచి పెట్టుబడి సబ్సిడీ రాదు. సొంత నిధులో, ఆర్థిక సంఘం నిధులో, దాతలో, కంపెనీల సీఎస్సారో కావాలి. అయినా చాలా పంచాయతీలకు ఇళ్ల తర్వాత చేయాల్సిన పని ఇదే.

ఒక ఉదాహరణ. 7.5 హెచ్‌పీ తాగునీటి మోటారు అంటే సుమారు 5.6 కిలోవాట్లు. రోజుకు ఎనిమిది గంటలు ఆడితే 45 యూనిట్లు. మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. అంటే ఆ మోటారు బిల్లు దాదాపు మాయం కావాలంటే 11 కిలోవాట్లు చాలు. ఇక్కడే మెలిక. నెట్ మీటర్ కింద పెట్టే సోలార్ ఆ సర్వీసుకు మంజూరైన లోడును దాటకూడదు. 5.6 కిలోవాట్ల సర్వీసుకు 11 కిలోవాట్లు ఒప్పుకోరు. కాబట్టి ముందు లోడు పెంచుకోవాలి, దాంతో నెలసరి స్థిర చార్జీ కొంచెం పెరుగుతుంది. లేకపోతే 5 కిలోవాట్లతో సగం బిల్లు తగ్గించుకుని సరిపెట్టుకోవాలి. ఎక్కువ ఊళ్లకు ఈ రెండోదే నయం.

యూనిట్‌కు 7 రూపాయలు అనుకుంటే 10 కిలోవాట్లు ఏడాదికి 14,000 యూనిట్లు, దాదాపు లక్ష రూపాయలు మిగులుస్తాయి. పెట్టిన డబ్బు ఐదారేళ్లలో వస్తుంది. వీధిదీపాల సర్వీసులు మాత్రం వేరు. పగలు వాడకం సున్నా, లోడు చిన్నది, మీటర్లు పది చోట్ల. ఒక చోట ప్లాంటు పెట్టి ఆ యూనిట్లను పంచాయతీ పేరున ఉన్న మిగతా మీటర్లకు సర్దుకునే పద్ధతిని గ్రూప్ నెట్ మీటరింగ్ అంటారు. అది మీ డిస్కంలో మీ కేటగిరీకి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. వర్తిస్తే మొత్తం లెక్క మారిపోతుంది, ఒక్క మంచి చోటు చూసుకుని అన్నీ అక్కడే పెట్టుకోవచ్చు.

బిగించే వాళ్లతో మాట్లాడేటప్పుడు చూసుకోవలసినవి:

- పలకలు దక్షిణం వైపు, 14 నుంచి 18 డిగ్రీల వాలు. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే దానికి దక్షిణాన పెట్టండి. ఉత్తరాన పెడితే చలికాలమంతా నీడే.
- పాత బడి స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు దించితే రెండో వానాకాలానికి కారుతుంది. కాంక్రీటు దిమ్మెల మీద నిలిపే ఫ్రేము అడగండి. కోస్తాలో అయితే తుపాను గాలి వేగానికి లెక్క వేసిన డ్రాయింగు లేకుండా ఒప్పుకోవద్దు. ఫ్రేముకు వేడి గాల్వనైజింగ్ 80 మైక్రాన్లు.
- కోతులున్న ఊళ్లలో పైకి కనిపించే ప్రతి వైరూ గొట్టంలో పోవాలి. పలకల కంటే ముందు అవి పీకేది వైర్లనే.
- బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే కడిగిన ప్రతిసారీ పలక మీద తెల్లపొర కడుతుంది. కడగడానికి మంచినీళ్ల కుళాయి వేరే కావాలి.
- కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం ఇన్వర్టర్‌ను అలాగే తయారు చేస్తారు. 'కరెంటు లేనప్పుడూ నీళ్లొస్తాయి' అని గ్రామసభలో మాట ఇవ్వకండి.

పెట్టుబడి లేనివాళ్లకు రెస్కో పద్ధతి ఉంది. కంపెనీయే పెడుతుంది, మీరు యూనిట్‌కు ఇంత అని కడతారు. ఒక్క పంచాయతీలోని పది కిలోవాట్ల కోసం ఏ కంపెనీ రాదు. నోడల్ ఏజెన్సీ జిల్లా మొత్తానికి కలిపి టెండరు పిలిస్తేనే ధర దిగుతుంది. మున్సిపాలిటీలకు, అంటే పంపుహౌసు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఆఫీసు అన్నీ కలిపి కొన్ని వందల కిలోవాట్లు ఉన్నవాటికి ఇది బాగా కుదురుతుంది. ఒప్పందంలో ఒక వాక్యం వెతకండి. స్లాబు మరమ్మతుకు పలకలు దించితే ఆ రోజుల ఉత్పత్తికి కూడా మీరే డబ్బు కట్టాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఏడాదికి ఇన్ని రోజులు మినహాయింపు అని రాయించుకోండి.

## సొంత మెగావాట్: పేరు గొప్పది, పన్నెండేళ్ల దాకా చేతికొచ్చేది తక్కువ

కుసుమ్ పథకం ఏ విభాగంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్లు పెట్టుకోవచ్చు. రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలతో పాటు పంచాయతీలను కూడా అర్హులుగా పేరు పెట్టి రాశారు. డిస్కం 25 ఏళ్లు కొంటుంది. తెలంగాణలో ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. పాతికేళ్లూ అదే ధర, పెరగదు. పథకం గడువును 2026 మార్చి దాకా పొడిగించారు కాబట్టి, ఆ తర్వాతి నిబంధనలేమిటో నోడల్ ఏజెన్సీ దగ్గర తేల్చుకున్నాకే అడుగు వేయండి.

ముందు ఒక అపోహ తీర్చాలి. ఈ విభాగంలో ప్లాంటు పెట్టేవాళ్లకు పెట్టుబడి సబ్సిడీ లేదు. 'యూనిట్‌కు 40 పైసలు ప్రభుత్వం ఇస్తుంది' అనేది నిజమే, కాకపోతే అది కొన్న డిస్కంకు. అయిదేళ్ల పాటు, మెగావాట్‌కు ఏడాదికి 6.6 లక్షలు మించకుండా. ఆ డబ్బు మీ లెక్కలో కలిపి చూపించేవారిని నమ్మకండి.

ఇప్పుడు లెక్క. ఖర్చు 4 కోట్లు, అందులో అప్పు 3 కోట్లు, వడ్డీ 10 శాతం అనుకుందాం.

| ఏడాదికి | 12 ఏళ్ల అప్పు | 15 ఏళ్ల అప్పు |
|---|---|---|
| 16 లక్షల యూనిట్లు × 3.13 | 50 లక్షలు | 50 లక్షలు |
| కాపలా, కడగడం, బీమా, మరమ్మతు | 6 లక్షలు | 6 లక్షలు |
| బ్యాంకు కిస్తీలు | 43 లక్షలు | 38.7 లక్షలు |
| మిగిలేది | 1 లక్ష | 5.3 లక్షలు |

పలకల ఉత్పత్తి ఏటా అర శాతం చొప్పున తగ్గుతుంది. అంటే మొదటి నిలువు వరుసలోని ఆ లక్ష కూడా నాలుగైదేళ్లలో పోతుంది. ఎక్కడో మధ్యలో ఇన్వర్టర్లు మార్చాలి. డిస్కం బిల్లు రెండు నెలలు ఆలస్యమైనా బ్యాంకు కిస్తీ ఆగదు. ఇంకోవైపు, అప్పు తీరిపోయాక మిగిలిన పది పన్నెండేళ్లు ఏడాదికి 35 లక్షల చుట్టూ నికరంగా వస్తుంది. ఏ ఇంటి పన్నూ చిన్న పంచాయతీకి అంత తేదు.

కాబట్టి ఇది 'చేయాలా వద్దా' అనే ప్రశ్న కాదు, అప్పు ఎంత, వడ్డీ ఎంత అనే ప్రశ్న. ఇక్కడ అక్కరకొచ్చే సాయం వ్యవసాయ మౌలిక వసతుల నిధి. కుసుమ్-ఏ ప్లాంట్లకు, పంచాయతీలతో సహా, ఆ నిధిని కలుపుకోవచ్చని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఒప్పుకుంది. రెండు కోట్ల వరకు అప్పు మీద ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ తగ్గుతుంది, మొదటి ఏడాదిలో దాదాపు ఆరు లక్షలు. 12 ఏళ్ల అప్పుతో నడవని ప్లాంటు దీనితో నడుస్తుంది. బ్యాంకు మేనేజరుకు ఈ సంగతి తెలిసి ఉంటుందని అనుకోకండి, ఉత్తర్వు ప్రతి పట్టుకుని వెళ్లండి.

పని మధ్యలో ఆగే చోట్లు ఇవి. ప్లాంటు పెట్టేవాళ్లు మెగావాట్‌కు 5 లక్షల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి, గడువులోగా ప్లాంటు వెలగకపోతే అందులోంచి కోత పడుతుంది. ప్లాంటు మూడు నెలల్లో సిద్ధమై 11 కేవీ లైను దారిలో ఒక రైతు స్తంభం వేయనివ్వకపోతే, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. లైను దారి ఒప్పందాలు ప్లాంటు టెండరు కంటే ముందే చేతిలో ఉండాలి.

పంచాయతీ సొంతంగా కరెంటు తయారు చేసుకున్న కథ దక్షిణాదిలో ఒకటుంది. కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ 2006లో కోటీ 55 లక్షలతో 350 కిలోవాట్ల గాలిమర కొంది. 40 లక్షలు పంచాయతీ కూడబెట్టింది, మిగతాది బ్యాంకు అప్పు. తన వాడకానికి పోగా మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్ముకుంది. ఆ కథను చెప్పేవాళ్లు తరచుగా వదిలేసేది ఆ 40 లక్షలనే. నాలుగో వంతు సొంత డబ్బు, అది కూడా మొదలుపెట్టక ముందే చేతిలో ఉండబట్టే అప్పు మోయగలిగారు.

తెలంగాణలో ఇంకో దారి తెరుచుకుంది. మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్లు పెట్టించడానికి 2024 నవంబరులో ఒప్పందాలు జరిగాయి. పంచాయతీ కంటే ఆ సంఘాల మండల సమాఖ్యకు బ్యాంకు లావాదేవీల చరిత్ర బాగుంటుంది, కిస్తీ కట్టే అలవాటూ ఎక్కువే. పంచాయతీ పేరు మీద అప్పు పుట్టని ఊళ్లలో యజమాని సమాఖ్య, తోడు పంచాయతీ అనుకోవడమే తెలివైన పని.

## లీజు: ఎకరాకు ఎంత కాదు, ఏటా ఎంత పెరుగుతుంది

కుసుమ్ నిబంధనల్లోనే, పెట్టుబడి లేనివాళ్లు భూమిని డెవలపర్‌కు, అంటే ప్లాంటు కట్టి నడిపే కంపెనీకి, లీజుకిచ్చే వీలుంది. బాగా నచ్చే సంగతి ఏమిటంటే, అద్దె డెవలపర్ చేతి నుంచి కాకుండా, అతనికి రావలసిన డబ్బులోంచి డిస్కం నేరుగా భూమి యజమాని ఖాతాలో నెలనెలా వేయాలి. అద్దెను ఎకరాకు ఇంతని గానీ, తయారైన యూనిట్‌కు ఇంతని గానీ రాసుకోవచ్చు. ఎకరాకు అయితే ప్లాంటు ఆగినా అద్దె ఆగదు. యూనిట్‌కు అయితే నష్టంలోనూ పాలు పంచుకోవాలి. పంచాయతీకి మొదటిదే సరిపోతుంది.

మహారాష్ట్రతో పోల్చి చూసుకుంటే మనం ఏం అడగాలో తెలుస్తుంది. అక్కడి ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని రెండో దశలో హెక్టారుకు ఏడాదికి 1.25 లక్షల అద్దె, అంటే ఎకరాకు 50,000 పైచిలుకు, ఏటా 3 శాతం పెంపు. దానికి తోడు ప్లాంటు వచ్చిన ఊరి పంచాయతీకి ఏడాదికి 5 లక్షల చొప్పున మూడేళ్లు. కుసుమ్ నిబంధనల్లో ఊరికి అలాంటి వాటా లేదు. కావాలంటే ఒప్పందంలో అడిగి రాయించుకోవాలి.

పెంపు ఎందుకు ముఖ్యమో చూడండి. ఎకరాకు 30,000, పాతికేళ్లూ అంతే అంటే, ధరలు ఏటా 5 శాతం పెరిగే చోట చివరి ఏడు చేతికొచ్చేది ఈనాటి 9,300 రూపాయలతో సమానం. రెండేళ్లకోసారి 5 శాతం పెంపు ఉంటే పాతికో ఏట 53,900 దాకా వస్తుంది. డెవలపర్ మొదటి ఏడాది అద్దెకు రెండు వేలు ఎక్కువ కలుపుతానని చెప్పి పెంపు వాక్యం తీసేయమంటే, అతనికి లెక్కలు బాగా వచ్చని అర్థం.

కాగితం మీద ఉండాల్సినవి ఇంకొన్ని. లీజు ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దీర్ఘకాల లీజుకు పంచాయతీ తీర్మానం ఒక్కటే చాలదు, డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ద్వారా పై అనుమతి తీసుకోవాలి. డెవలపర్ ఆ ప్లాంటును వేరే కంపెనీకి అమ్ముకుంటే కొత్తవాళ్లు ఇవే షరతులకు కట్టుబడాలి. భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టే హక్కు ఇవ్వకూడదు, లీజు హక్కును మాత్రమే తాకట్టు పెట్టుకోనివ్వాలి. వాననీటి దారులు, పశువుల బాట, పక్క పొలాలకు బండి దారి పటంలో గీసి అనుబంధంగా పెట్టాలి. కంచె వేశాక ఇవి అడగడం అంటే పోట్లాటే. చివరి ఏట పలకలు, స్తంభాలు, కాంక్రీటు తీసి భూమిని అప్పగించడానికి పదిహేనో ఏట నుంచే కొంత సొమ్ము డిపాజిట్ చేయించాలి.

నీళ్ల లెక్క కూడా వేసుకోండి. మెగావాట్‌కు సుమారు 2,000 పలకలు, ఒక్కోదానికి రెండు మూడు లీటర్లు, ఒకసారి కడగడానికి 4,000 నుంచి 6,000 లీటర్లు. ఒక మెగావాట్‌కు ట్యాంకరు నీళ్లు, ఊరికి భారం కాదు. ఓర్వకల్లు పార్కు లాగా 1,000 మెగావాట్లయితే ఒక్కసారికే 40 నుంచి 60 లక్షల లీటర్లు. 5,932 ఎకరాల అలాంటి పార్కులు వచ్చినప్పుడు చోటు ఎంపికలో పంచాయతీ మాట పెద్దగా చెల్లదు. భూమి ప్రభుత్వ స్థాయిలో కదులుతుంది. అక్కడ పంచాయతీ పట్టుబట్టాల్సింది పొడి పద్ధతిలో కడగడం, బోర్ల మీద హద్దు, వాగుల దారి, కాపలా ఉద్యోగాలు. ఇవి శంకుస్థాపనకు ముందు గ్రామసభ తీర్మానంగా కలెక్టరుకు చేరాలి.

## మీ ఊరు ఏ రకం

రెండు వేల లోపు జనాభా, సొంత రాబడి అంతంత మాత్రం, బకాయిలున్న పంచాయతీ అయితే ఇళ్ల మీద సూర్యఘర్ పని పట్టుకోండి. వచ్చిన ప్రోత్సాహకానికి మరికొంత కలిపి ఒక నీటి మోటారుకు 5 కిలోవాట్లు పెట్టండి. మెగావాట్ జోలికి వెళ్లొద్దు.

సబ్‌స్టేషన్ ఊళ్లోనే లేదా రెండు కిలోమీటర్ల లోపు ఉండి, చిక్కుల్లేని అయిదెకరాలు ఉంటే మీ చేతిలో ఉన్నది భూమి కాదు, స్థానం. ఏ డెవలపర్ అయినా దాని కోసమే వస్తాడు. తొందరపడి మొదటి కాగితం మీద సంతకం చేయకుండా, మండల సమాఖ్యతో కలిసి సొంతంగా పెట్టే లెక్క ఒకటి, లీజు లెక్క ఒకటి పక్కపక్కన వేయండి. సొంత వాటా పావు వంతు కుదరకపోతే లీజే మేలు.

ఏజెన్సీ పంచాయతీల్లో గిరిజనేతర కంపెనీకి భూమి బదిలీ కుదరదు. 1/70 నిబంధన, ఏజెన్సీ భూములను గిరిజనేతరులకు ఇవ్వకూడదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు, పెసా చట్టం కింద గ్రామసభ అధికారాలు మూడూ అడ్డు. అడ్డు అనడం కూడా సరికాదు, అవి ఊరికి రక్షణ. అక్కడ దారి గిరిజన సహకార సంఘమో మహిళా సంఘమో యజమానిగా ఉండటం, లేదా లైను చేరని గూడేలకు బ్యాటరీతో చిన్న ప్లాంటు.

మున్సిపాలిటీలైతే ముందు పంపుహౌసు లోడు చూసి రెస్కో టెండరులో చేరండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి సొంతూరికి సోలార్ పెట్టిద్దామనుకునేవాళ్లు ఆఫీసు డాబా మీద పేరు రాసిన బోర్డుతో పలకలు పెట్టించడం కంటే, నీటి మోటారు సర్వీసుకు పెట్టించి, పదేళ్ల నిర్వహణకు కొంత సొమ్ము విడిగా బ్యాంకులో వేయడం ఊరికి ఎక్కువ పనికొస్తుంది. పలకలు పాతికేళ్లు ఉంటాయి. ఇన్వర్టర్ అంతకాలం రాదు, అది కాలిపోయిన రోజున పంచాయతీ దగ్గర డబ్బుండదు.

ఏ దారి ఎంచుకున్నా తీర్మానంలో నాలుగు అంకెలు పెట్టించండి. సర్వీసు నంబరు లేదా సర్వే నంబరు, ఎన్ని కిలోవాట్లు, సబ్‌స్టేషన్ పేరు దూరంతో సహా, పంచాయతీ పెట్టే లేదా పొందే సొమ్ము. 'సోలార్ ఏర్పాటుకు ఆమోదించడమైనది' అని ఒక్క వాక్యంతో ముగిసిన తీర్మానాన్ని ఎవరు ఎలాగైనా వాడుకోవచ్చు.